జె.ఎస్. 335 సోయా: ఏ నేలకు, ఏ వానకు నప్పుతుంది?

ఆదిలాబాద్, భైంసా, మద్నూరు వైపు విత్తన దుకాణాల్లో సోయా రైతు చాలాసార్లు పంట పేరు కూడా ఎత్తడు. "335 ఉందా?" అని అడుగుతాడు. 1994లో విడుదలైన రకం ఇది. ఆ తర్వాత పదుల సంఖ్యలో కొత్త రకాలు వచ్చినా దీని పేరు చెదరలేదు. అంతకాలం నిలబడటానికి గట్టి కారణాలు ఉన్నాయి. అదే పేరు నమ్ముకుని తప్పు నేలలో, తప్పు తేదీన వేసి నష్టపోవడానికీ కారణాలు ఉన్నాయి. రకం మంచిదా చెడ్డదా అని అడిగితే సరైన జవాబు దొరకదు. 95–100 రోజుల ఈ పంటకాలం మన నేల పట్టే నీటితో, మన దగ్గర వానలు ఆగే తేదీతో కుదురుతుందా అని చూసుకోవాలి.

జె.ఎస్. అంటే జవహర్ సోయాబీన్. మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ జవహర్‌లాల్ నెహ్రూ కృషి విశ్వవిద్యాలయం జె.ఎస్. 78-77, జె.ఎస్. 71-05 అనే రెండు రకాలను సంకరపరచి దీన్ని రూపొందించింది. మొదట పశ్చిమ మధ్యప్రదేశ్‌లోని మాళ్వా నల్లరేగడి నేలలకు, మధ్య భారతానికి ఉద్దేశించిన రకం. అక్కడి నుంచి విదర్భ, మరాఠ్వాడా మీదుగా మన ఉత్తర తెలంగాణకు వచ్చింది. యవత్‌మాల్, నాందేడ్ నేలలకూ మన జైనథ్, బేల, తానూరు, జుక్కల్ నేలలకూ పెద్ద తేడా లేదు కాబట్టి ఇక్కడ సులువుగానే కుదురుకుంది.

పొలంలో గుర్తుపట్టడం

విత్తనం ఎంత స్వచ్ఛమైనదో పూత దశలో తేలిపోతుంది. ఈ రకం పూలు ఊదా రంగులో ఉంటాయి. విత్తిన 35–40 రోజులకు పూత మొదలవుతుంది. కాయల మీద నూగు ఉండదు, నున్నగా ఉంటాయి. గింజ పసుపు రంగులో ఉండి, కాయకు అతుక్కున్న చోట నల్లటి మచ్చ కనిపిస్తుంది. ఆకులు వెడల్పుగా, కొన తేలి ఉంటాయి. 100 గింజల బరువు 10–13 గ్రాములు. పూత మొదలయ్యాక కూడా పైకి కొంత పెరుగుతుంది, కానీ తీగ సాగదు.

మడిలో తెల్ల పూలు కనిపిస్తే అది కల్తీ. జె.ఎస్. 20-29, జె.ఎస్. 20-34 రకాలకు తెల్ల పూలుంటాయి. ఆకులు సన్నగా బరిసె మొనలా ఉండి, నాలుగు గింజల కాయలు ఎక్కువగా ఉంటే జె.ఎస్. 93-05 కలిసిందని అనుమానించాలి. దానికీ ఊదా పూలే కాబట్టి పూతను చూస్తే తెలియదు, ఆకును చూడాలి. మరుసటి ఏటికి విత్తనం దాచుకోదలిచిన రైతు పూత దశలో ఒక్క పూట మడిలో తిరిగి వేరు మొక్కలను పీకేస్తే చాలు. సోయా స్వపరాగ సంపర్కం చేసుకునే పంట. పక్క మడి నుంచి పుప్పొడి వచ్చి రకం చెడిపోవడం అరుదు. కల్తీ ఎక్కువగా నూర్పిడి యంత్రంలోనో గోనె సంచిలోనో జరుగుతుంది.

రైతులు దీన్ని వదలకపోవడానికి రెండు గుణాలు ముఖ్యం. ఒకటి, కాయ పండాక వెంటనే చిట్లి గింజ రాల్చదు. కూలీలు దొరకక కోత కొన్ని రోజులు ఆలస్యమైనా నష్టం తక్కువ. రెండోది, గింజ మధ్యస్థ పరిమాణంలో ఉండటం వల్ల పెద్ద గింజ రకాల కంటే మొలక శక్తి నిలబడుతుంది. జె.ఎస్. 95-60 వంటి లావు గింజ రకాల్లో పైపొర త్వరగా దెబ్బతిని మొలక పడిపోతుంది. బాక్టీరియా పొక్కు మచ్చ తెగులును 335 బాగా తట్టుకుంటుంది. విడుదల సమయంలో చెప్పిన దిగుబడి హెక్టారుకు 25–30 క్వింటాళ్లు, అంటే ఎకరాకు 10–12 క్వింటాళ్లు. నేల, నీరు, మొక్కల సంఖ్య మూడూ కుదిరితేనే అంత వస్తుంది.

కార్తెల లెక్క

మాళ్వాలో నైరుతి వానలు జూన్ మూడో వారం అటూఇటుగా మొదలై సెప్టెంబరు చివరికి వెనక్కి మళ్లుతాయి. తెలంగాణలో జూన్ రెండో వారానికే వచ్చి, అక్టోబరు రెండో వారం దాకా ఉంటాయి. అక్కడి కంటే మనకు వానకాలం రెండు చివరలా పొడవు. ఈ తేడా వల్ల ఒకే రకం అక్కడ ఒకలా, ఇక్కడ ఒకలా ప్రవర్తిస్తుంది. మాళ్వాలో తేలిక నేలల రైతు 335 వేస్తే సెప్టెంబరులో గింజ నిండే వేళకు వాన ఆగిపోతుంది. అందుకే అక్కడ 85–90 రోజుల రకాల వైపు మొగ్గారు. మన దగ్గర అదే పని చేస్తే భయం మరో వైపు నుంచి వస్తుంది. కోత వేళకు వాన ఆగదు.

తేదీలతో చూద్దాం. మృగశిర కార్తెలో, జూన్ 15న 335 విత్తితే సెప్టెంబరు 18–23 మధ్య, ఉత్తర కార్తెలో పండుతుంది. ఉత్తరలో వాన పడటం మామూలే. పండిన కాయ మీద నాలుగు రోజులు ముసురు పట్టిందంటే కాయలోనే గింజ మొలకెత్తుతుంది, లేదా బూజు పట్టి నల్లబడుతుంది. కొన్ని గింజల మీద ఊదా మరక వస్తుంది. ఆ సరుకుకు ధరా రాదు, విత్తనానికీ పనికిరాదు. ఆరుద్రలో, జూన్ 28న విత్తితే అక్టోబరు 1–6కు, హస్తలో వస్తుంది. పునర్వసులో, జూలై 10న విత్తితే అక్టోబరు 13–18కు, చిత్తలో వస్తుంది. అప్పటికి చాలా ఏళ్లలో ఆకాశం తేటపడుతుంది.

ఇదే లెక్కను 85 రోజుల జె.ఎస్. 95-60కు వేస్తే జూన్ 15 విత్తనం సెప్టెంబరు 8కల్లా, పుబ్బ కార్తెలోనే పండుతుంది. వానలు ఇంకా జోరుగా ఉండే కాలం అది. తక్కువ రోజుల రకం ఎప్పుడూ క్షేమం అనే నమ్మకం ఉత్తర తెలంగాణ లోతు నేలల్లో చాలామందిని దెబ్బతీసింది. స్వల్పకాలిక రకం వేయాలంటే ఆలస్యంగా, జూలైలో వేయాలి, లేదా తేలిక నేలలో వేయాలి.

అలాగని విత్తనాన్ని ఇష్టం వచ్చినంత వెనక్కి జరపకూడదు. సోయా పగటి నిడివి తగ్గే కొద్దీ పూతకు వచ్చే పంట. జూలై 15 దాటాక వేస్తే మొక్క ఎదగకముందే పూతకు వస్తుంది. పొట్టిగా ఉండి, గణుపులు తక్కువై, కాయల సంఖ్య పడిపోతుంది. కింది కాయలు నేలకు దగ్గరగా వచ్చి కోతలో మిగిలిపోతాయి. కాబట్టి 335కు ఉత్తర తెలంగాణలో ఆరుద్ర మొదటి వారం నుంచి పునర్వసు మొదటి వారం వరకు, సుమారు జూన్ 25 నుంచి జూలై 12 వరకు అనువైన అదను. అంతకు ముందే మంచి పదును దొరికితే ఊరుకోవడం కష్టమే. అటువంటి ఏడు మొత్తం పొలం ఒకేసారి వేయకుండా రెండు దఫాలుగా, పది రోజుల తేడాతో వేస్తే కోత వానకు అంతా ఒకేసారి దొరకదు.

తొలకరి ఒక్క జల్లు చూసి దుక్కిలో గింజ వేయడం మరో ప్రమాదం. కనీసం 100 మిల్లీమీటర్ల వాన పడి, నేల అడుగున్నర లోతు తడిశాకనే విత్తాలి. పై నాలుగు వేళ్ల మట్టి మాత్రమే తడిసినప్పుడు వేస్తే గింజ నీరు పీల్చి ఉబ్బుతుంది, మొలక పైకి రాకముందే మట్టి ఆరి చచ్చిపోతుంది. సోయా గింజకు రెండోసారి మొలిచే శక్తి ఉండదు.

నేల సంగతి

మీటరు లోతున్న నల్లరేగడి 150–200 మిల్లీమీటర్ల నీటిని దాచుకుంటుంది. అడుగు లోతు ఎర్ర చలక, అంటే తేలిక ఎర్ర నేలలో, 30–40 మిల్లీమీటర్లకు మించి నిలవదు. 335 విత్తిన 60వ రోజు నుంచి 80వ రోజు వరకు గింజ నింపుకుంటుంది. ఆ దశలో పంట రోజుకు 4–5 మిల్లీమీటర్ల నీరు తాగుతుంది. చలకలో వారం బెట్ట పడితే నీరు అయిపోయినట్టే. నల్లరేగడిలో మూడు వారాలు నెట్టుకొస్తుంది. జూన్ 28న విత్తిన పంటకు ఈ 20 రోజులు ఆగస్టు 27 నుంచి సెప్టెంబరు 16 వరకు పడతాయి. మఖ, పుబ్బ వానలు మొహం చాటేసిన ఏడు చలక నేలల్లో సోయా గింజలు మెంతుల్లా చిన్నబడటానికి కారణం ఇదే.

మధ్యస్థం నుంచి లోతైన నల్లరేగడి, అందులోనూ నీరు బయటికి పోయే వాలు ఉన్న నేల 335కు శ్రేష్ఠం. ఆదిలాబాద్ జిల్లాలో పెన్‌గంగ ఒడ్డు మండలాలు, నిర్మల్ జిల్లాలో ముధోల్, భైంసా, కుబీర్, తానూరు, కామారెడ్డి జిల్లాలో మద్నూరు, జుక్కల్, బిచ్కుంద, సంగారెడ్డి జిల్లాలో నారాయణఖేడ్, కంగ్టి వైపు రేగళ్లు ఈ కోవలోకి వస్తాయి. సోయా తీశాక అక్టోబరు, నవంబరుల్లో శనగ వేసే అలవాటు ఉన్న చోట 335 పంటకాలం బాగా కుదురుతుంది. రెండో పంటకు నేలలో పదును మిగులుతుంది.

ఉట్నూరు, ఇంద్రవెల్లి ఎత్తు భూముల్లో రాళ్లతో కూడిన తేలిక నేలల్లో వాన బాగానే పడినా నీరు నిలవదు. అక్కడ 335ను ఒంటరిగా వేయడం కంటే నాలుగు సాళ్ల సోయాకు రెండు సాళ్ల కంది కలిపి వేయడం మేలు. సోయా గింజ పట్టే వేళ బెట్ట వచ్చినా కంది నిలబడుతుంది, సోయా కోశాక దానికి వెలుతురు, చోటు దొరుకుతాయి. దక్షిణ తెలంగాణ చలకలకు, రాయలసీమ ఎర్ర నేలలకు 335ను వానాధారంగా సిఫారసు చేయడం రైతును కష్టాల్లోకి నెట్టడమే. చౌడు నేలలు, నీరు నిలిచే పల్లపు మడులు కూడా పనికిరావు. నీట మునిగిన సోయా వేర్లకు గాలి ఆడక, వాటి మీద నత్రజని అందించే బుడిపెలు చచ్చిపోతాయి, ఆకులు లేత పసుపు రంగుకు తిరుగుతాయి. అది చూసి యూరియా చల్లేవారు ఉన్నారు. ముందు కాలువ తీసి నీరు వదిలితే చాలా మడులు వారం పది రోజుల్లో తేరుకుంటాయి.

చదును రేగడిలో ప్రతి నాలుగు సాళ్లకు ఒక కాలువ తీయడం ఖర్చు లేని పని. కుండపోత వచ్చినప్పుడు నీరు బయటికి పోతుంది. బెట్టలో ఆ కాలువలో నిలిచిన తడి పక్క సాళ్లకు అందుతుంది. ఎత్తు మడుల మీద విత్తే గొర్రు ఉన్న ఊళ్లలో ఇది విత్తనంతో పాటే అయిపోతుంది.

ఎక్కడ ఓడిపోతుంది

335కు మూడు రోగాల దగ్గర బలం లేదు. మూడూ మూడు వేర్వేరు ప్రాంతాలకు చెందిన సమస్యలు.

మొదటిది తెల్లదోమ వ్యాపింపజేసే, ఆకులు పసుపుబారే పల్లాకు తెగులు. ఉత్తర మైదానాల్లో, మధ్యప్రదేశ్‌లో ఇది ముదిరాక అక్కడ జె.ఎస్. 20-29 వంటి తట్టుకునే రకాల వైపు వెళ్లారు. మన దగ్గర పెసర, మినుము మడుల పక్కన వేసిన సోయాలో ముందుగా కనిపిస్తుంది. తొలి 30 రోజుల్లో సోకిన మొక్క కాయ పట్టదు. అందుకే విత్తనానికి థయామిథాక్సామ్ 30 ఎఫ్.ఎస్. కిలోకు 10 మి.లీ. పట్టించడం ఖర్చుకు తగిన పని. కాండం తొలిచే ఈగను కూడా అదే ఆపుతుంది. పసుపు మొక్క ఒకటి రెండు కనిపించిన రోజే పీకి పాతిపెట్టాలి.

రెండోది తుప్పు తెగులు. కృష్ణా పరీవాహకంలో సాంగ్లీ, కొల్హాపూర్, బెళగావి, ధార్వాడ్ జిల్లాల్లో చల్లని తడి వాతావరణం ఎక్కువ రోజులు ఉంటుంది. అక్కడ 335 తుప్పుకు పూర్తిగా లొంగిపోతుంది. ధార్వాడ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 335నే ఒక తల్లిగా తీసుకుని తుప్పును తట్టుకునే డి.ఎస్.బి. 21ను తయారుచేసింది. అక్కడి రైతుకు 335 సలహా ఇవ్వడంలో అర్థం లేదు. మన ఉత్తర జిల్లాల్లో ఉష్ణోగ్రత కొంచెం ఎక్కువ కాబట్టి ఆ స్థాయి తీవ్రత సాధారణంగా రాదు. అయినా సెప్టెంబరులో ముసురు విడవకపోతే కింది ఆకుల అడుగు భాగం తిప్పి చూడాలి. ఇటుక పొడి రంగు చిన్న పొక్కులు కనిపిస్తే హెక్సాకొనజోల్ 5 ఈ.సీ. గానీ ప్రొపికొనజోల్ 25 ఈ.సీ. గానీ లీటరు నీటికి 1 మి.లీ. కలిపి ఆకు అడుగు తడిసేలా పిచికారీ చేయాలి.

మూడోది బొగ్గు కుళ్లు. తేలిక నేలల్లో బెట్ట, వేడి కలిసినప్పుడు వస్తుంది. మొక్క నిలువునా ఎండి ఆకులు రాలకుండా వేలాడతాయి. కాండం అడుగున తొక్క తీస్తే బొగ్గు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలుంటాయి. మందుతో ఆగే రోగం కాదు. నేలకు తగని రకం వేసినందుకు, లేదా మొక్కలు మరీ ఒత్తుగా ఉండి నీటి కోసం పోటీ పడినందుకు వచ్చే ఫలితం. ఏటా ఇది కనిపించే మడిలో 335 మానేసి జె.ఎస్. 20-34 వంటి త్వరగా వచ్చే, ఈ తెగులును తట్టుకునే రకం వేయడమే దారి.

మిగతా రకాలతో పోలికలో ఒక మాట. మహారాష్ట్ర నుంచి వచ్చిన కె.డి.ఎస్. 726, ఫూలే సంగం పేరుతో, మన సరిహద్దు మండలాల్లో బాగా విస్తరిస్తోంది. ఆకు పెద్దది, మొక్క గుబురుగా పెరుగుతుంది, తుప్పును కొంతవరకు తట్టుకుంటుంది. పంటకాలం 100–105 రోజులు. లోతు నేల, నీటి వసతి ఉన్న రైతుకు అది 335 కంటే ఎక్కువే ఇవ్వగలదు. కానీ 335కు వేసినంత ఒత్తుగా వేస్తే ఒకదానిపై ఒకటి కమ్ముకుని పడిపోతుంది, లోపల గాలి ఆడదు. మధ్యస్థ రేగడిలో, వాన మీదే ఆధారపడే రైతుకు ఇప్పటికీ 335, దాని కంటే నాలుగైదు రోజులు ముందు వచ్చే జె.ఎస్. 93-05 సురక్షితం. ఆదిలాబాద్ పరిశోధన స్థానంలో రూపొందిన బాసర రకం మన వాతావరణంలోనే ఎంపికైనది. విత్తనం దొరికితే ఒక ఎకరంలో 335 పక్కనే వేసి పోల్చుకోవడం మంచిది. కొత్త రకాన్ని పొలమంతా ఒకే ఏడు మార్చేయడం ఏ రకం విషయంలోనూ తగదు.

మొలక శాతమే అసలు పెట్టుబడి

సోయాలో రకం ఎంపిక వల్ల వచ్చే లాభం ఎంతో, మొలక లేని విత్తనం వల్ల పోయేది అంతకు రెట్టింపు. గింజ పైపొర పలుచన. లోపలి మొలక ఆ పొరకు ఆనుకునే ఉంటుంది. బస్తాను లారీ మీద నుంచి విసిరితే చాలు, లోపల గింజలు కంటికి కనిపించకుండా దెబ్బతింటాయి. ధ్రువీకరణ విత్తనానికి నిర్ణయించిన కనీస మొలక 70 శాతం. మిగతా చాలా పంటలకు ఇంతకంటే ఎక్కువ అడుగుతారు. సోయాకు తగ్గించడంలోనే దీని బలహీనత తెలుస్తుంది. పైగా ఆ సంఖ్య పరీక్ష నాటిది. మే ఎండల్లో రేకుల గోదాములో ఉన్న బస్తా జూన్‌లో ఎంత మొలుస్తుందో చీటీ చెప్పదు.

కాబట్టి విత్తడానికి పది రోజుల ముందు ప్రతి రైతూ ఇంట్లో పరీక్ష చేసుకోవాలి. బస్తా పైన, మధ్యన, అడుగున తీసిన గింజల్ని కలిపి, ఏరకుండా 100 లెక్కపెట్టి తడి గోనె గుడ్డలో వరుసలుగా పేర్చి చుట్టాలి. నీడలో ఉంచి తడి ఆరకుండా చూడాలి. నీళ్లు కారేంత తడి ఉంటే గింజ కుళ్లి తప్పు లెక్క వస్తుంది. ఐదారు రోజులకు విప్పి, వేరు, మొలక రెండూ బాగున్నవి మాత్రమే లెక్కించాలి. వంకర తిరిగినవి, పప్పు బద్దలు చీలినవి లెక్కలోకి రావు. ఇలా మూడు చుట్టలు చేసి సగటు తీసుకుంటే నమ్మకంగా ఉంటుంది.

ఆ శాతాన్ని బట్టి విత్తన మోతాదు మారాలి. సాళ్ల మధ్య 45 సెం.మీ., మొక్కల మధ్య 5 సెం.మీ. అంటే ఎకరాకు సుమారు 1.8 లక్షల మొక్కలు. 100 గింజలు 12 గ్రాములు తూగే విత్తనమైతే అన్ని గింజల బరువు 21.6 కిలోలు. మొలక 85 శాతం ఉంటే సుమారు 25 కిలోలు సరిపోతాయి. 70 శాతమైతే 31 కిలోలు కావాలి. 60 శాతమైతే 36 కిలోలు. ఎకరాకు 30 కిలోల బస్తా ఒకటి అనే అలవాటు అందరికీ సరిపడదు. గింజ చిన్నదై 100కు 10.5 గ్రాములే తూగితే, 70 శాతం మొలకకు 27 కిలోలే చాలు. ఇంట్లో తరాజు ఉంటే ఇది ఐదు నిమిషాల లెక్క. 60 శాతం కంటే తక్కువ మొలిచే విత్తనాన్ని మోతాదు పెంచి వేయడం వృథా. మొలిచినవి కూడా బలహీనంగా ఉండి తొలి ముసురుకే పోతాయి.

విత్తనశుద్ధిలో వరుస తప్పకూడదు. ముందు కార్బాక్సిన్, థైరమ్ కలిసిన మందు కిలోకు 3 గ్రాములు పట్టించి నీడలో ఆరనివ్వాలి. తర్వాత పైన చెప్పిన థయామిథాక్సామ్. విత్తే రోజు ఉదయం చివరగా, వేరు బుడిపెలు కట్టించే బాక్టీరియా అయిన రైజోబియం కల్చరు కిలోకు 5 గ్రాములు. ముందే కల్చరు కలిపి దాని మీద మందు పట్టిస్తే బాక్టీరియా చచ్చిపోతుంది. గింజల్ని గట్టిగా రుద్దకుండా గోనె పట్టా మీద మెల్లగా దొర్లించాలి, లేకపోతే పైపొర ఊడుతుంది. సోయాకు వేసే బాక్టీరియా వేరు. కంది, పెసర కల్చరు దీనికి పనిచేయదు. సోయా ఎన్నడూ వేయని పొలంలో ఇది తప్పనిసరి. 35–40 రోజులకు మొక్కను తవ్వి తీసి వేరు బుడిపెను గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉండాలి. తెల్లగా, ఆకుపచ్చగా ఉంటే అది నత్రజని ఇవ్వట్లేదని అర్థం.

లోతు 3–4 సెం.మీ. దాటకూడదు. ట్రాక్టరు గొర్రును రేగడిలో వదిలేస్తే 6–7 సెం.మీ. దిగిపోతుంది, పైన వాన పడి అట్ట కడితే సోయా పప్పు బద్దలను పైకి నెట్టలేక మెడ విరిగి చస్తుంది. మొలిచాక పదో రోజు సాలులో మీటరు పొడవున లెక్కపెట్టాలి. 20 మొక్కలుంటే సరిగ్గా ఉన్నట్టు. 12–13 ఉన్నా సమంగా పరుచుకుని ఉంటే దున్నేయకూడదు, కొమ్మలు వేసి ఖాళీని పూడ్చుకుంటుంది. 10 కంటే తక్కువై, అక్కడక్కడ బోసిపోతే మాత్రం తిరిగి విత్తడం గురించి ఆలోచించాలి.

ఎరువులు, కలుపు, పురుగు

ఎకరాకు నత్రజని 12, భాస్వరం 24, పొటాష్ 16 కిలోలు, అన్నీ విత్తేటప్పుడే. బస్తా డి.ఎ.పి.తో సరిపెట్టేస్తే భాస్వరం దాదాపు అందుతుంది గానీ గంధకం అందదు. నూనె గింజ కాబట్టి సోయాకు గంధకం కావాలి. మూడు బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 26 కిలోల యూరియా, 27 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేస్తే 24 కిలోల భాస్వరంతో పాటు సుమారు 16 కిలోల గంధకం కూడా వస్తుంది. మోతకు, చల్లడానికి కష్టమైనా ఇదే మేలు. తర్వాత పైపాటుగా యూరియా వేయవద్దు. బుడిపెలు పని మానేస్తాయి, మొక్క అనవసరంగా ఎత్తు పెరిగి పడిపోతుంది.

కలుపు మొదటి 45 రోజులు ఉండకూడదు. విత్తిన 48 గంటల్లో పెండిమిథాలిన్ 30 ఈ.సీ. ఎకరాకు 1–1.3 లీటర్లు, లేదా 15–20 రోజులకు ఇమాజితాపిర్ 10 ఎస్.ఎల్. 400 మి.లీ. రెండోది వాడిన మడిలో యాసంగికి జొన్న వేయాలనుకునేవారు జాగ్రత్తపడాలి, మందు అవశేషం జొన్నను కుంగదీయవచ్చు. గుంటక తోలే వీలుంటే 20, 35 రోజులప్పుడు తోలడం రేగడికి మంచిది. పూత వచ్చాక మాత్రం మడిలోకి గుంటక దింపవద్దు.

పురుగుల్లో కాండాన్ని చుట్టూ కొరికే పెంకు పురుగు 335లో తరచూ కనిపిస్తుంది. కాండం మీద రెండు వలయాలు చెక్కి మధ్యలో గుడ్డు పెడుతుంది. పై భాగం వాడి వేలాడుతుంది. వాడిన కొమ్మను వలయం కింద నుంచి తుంచి కాల్చేస్తే లోపలి పురుగు పోతుంది. ఎక్కువైతే థయాక్లోప్రిడ్ 21.7 ఎస్.సీ. ఎకరాకు 300 మి.లీ. పొగాకు లద్దె పురుగుకు, ఆకు తినే దాసరి పురుగుకు క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్.సీ. 60 మి.లీ. చాలు. లద్దె పురుగు పిల్లలు గుంపుగా ఒకే ఆకును జల్లెడలా చేసిన దశలో ఆ ఆకులు తుంచేస్తే మందు అవసరమే రాకపోవచ్చు.

కోత, మళ్లీ విత్తనం

ఆకులు రాలి, కాయల్లో నూటికి 95 గోధుమ రంగుకు మారినప్పుడు కోయాలి. చిట్లదు కదా అని 335ను మడిలో వదిలేస్తే చిట్లకపోవచ్చు గానీ, పగలు ఎండ, రాత్రి మంచు మార్చి మార్చి తగిలి గింజ పైపొర ముడతలు పడుతుంది, మొలక పడిపోతుంది. కోసిన పనలను వాన మబ్బు ఉంటే కుప్ప వేయకూడదు, లోపల వేడెక్కి గింజ నల్లబడుతుంది. పలుచగా పరిచి ఆరబెట్టి, వాన వచ్చే సూచన కనిపిస్తేనే టార్పాలిన్ కప్పాలి, వాన తగ్గగానే తీసేయాలి. కొనుగోలు కేంద్రంలో 12 శాతం తేమ దాటితే తీసుకోరు.

విత్తనం కోసం ఉంచే మడిని హార్వెస్టర్‌తో కోయించకపోవడం మంచిది. నూర్పిడి యంత్రం డ్రమ్ము నిమిషానికి 350–400 చుట్లు మించకుండా తిప్పమని ముందే చెప్పాలి. యజమానికి పని తొందరగా ముగించాలని ఉంటుంది, అందుకే దగ్గరుండి చూసుకోవాలి. మొదటి బుట్ట గింజల్ని చేతిలోకి తీసుకుని చూస్తే బద్దలైనవి ఎన్నో తెలుస్తుంది. ఎక్కువగా ఉంటే వెంటనే వేగం తగ్గించాలి. తేమ 10 శాతానికి వచ్చేదాకా నీరెండలో ఆరబెట్టాలి, మండుటెండలో సిమెంటు కళ్లం మీద కాదు. గోనె సంచుల్లో 40 కిలోలకు మించకుండా నింపి, చెక్క బల్లల మీద, గోడకు ఆనకుండా, నాలుగైదు సంచుల ఎత్తుకు మించకుండా పేర్చాలి. ప్లాస్టిక్ సంచిలో తేమ బయటికి పోదు. ఎరువుల బస్తాల పక్కన పెట్టకూడదు. ఇలా ఏటా మన పంట నుంచే దాచుకుంటూ 335 విత్తనాన్ని రెండు మూడేళ్లు సొంతంగా వాడుకోవచ్చు. ఆ తర్వాత ధ్రువీకరణ విత్తనం కొత్తగా తెచ్చుకోవాలి. మార్చిలో ఒకసారి, మే చివర ఒకసారి గోనె గుడ్డ పరీక్ష చేస్తే, మొలక పడిపోయిందని జూన్‌లో దుకాణాల ముందు వరుసల్లో నిలబడే ముందే తెలుస్తుంది.